పేరు గోధుమది, రుచి ఈస్ట్‌ది

బెంగళూరులోనైనా హైదరాబాద్‌లోనైనా మైక్రోబ్రూవరీ మెనూలో గోధుమ బీరు లేకపోవడం అరుదు. ఒకచోట దాన్ని హెఫెవైజెన్ అంటారు, ఇంకోచోట వైస్, మరోచోట విట్, కొన్నిచోట్ల ఊరికే వీట్ బీర్. చూడ్డానికి అన్నీ మబ్బు పట్టిన లేత పసుపు రంగులోనే ఉంటాయి. గుక్క వేస్తే మాత్రం ఒకదానికీ మరోదానికీ పొంతన ఉండదు. చదువుకో ఉద్యోగానికో జర్మనీ వెళ్లి, మ్యూనిక్‌లో అసలు సరుకు రుచి చూసి వచ్చినవాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే: అక్కడి ఆ అరటిపండు, లవంగాల ఘుమఘుమ మన దగ్గర ఎందుకు రాదు?

గోధుమకు కరువొచ్చి మాత్రం కాదు. గోధుమ పంటలో చైనా తర్వాతి స్థానం మనదే. అసలు సంగతేమిటంటే, ఆ ఘుమఘుమలో గోధుమ వాటా చాలా తక్కువ. అదంతా ఈస్ట్ చేసే పని. సొమ్మొకడిది, సోకొకడిది అన్నట్టు పేరు గోధుమకు పోయింది. మన దేశంలో తయారయ్యే మంచి గోధుమ బీరు కోసం వెతికేవారికి ఈ సంగతి తెలిస్తే సగం వెతుకులాట తప్పుతుంది.

ప్రజలకో చట్టం, ప్రభువులకో హక్కు

బవేరియాను ఏలిన నాలుగో విల్‌హెల్మ్, పదో లుడ్విగ్ 1516 ఏప్రిల్ 23న ఇంగోల్‌స్టాట్‌లో ఒక ఆజ్ఞ జారీ చేశారు. బీరులో బార్లీ, హాప్స్, నీళ్లు తప్ప ఇంకేమీ వాడకూడదన్నది దాని సారాంశం. అందులో ఈస్ట్ మాట లేదు. కంటికి కనిపించని జీవి ఒకటి ఈ పనంతా చేస్తోందని అప్పటికి ఎవరికీ తెలియదు మరి. గోధుమ మాటా లేదు. రొట్టెకు కావలసిన గింజలు బీరు కాగుల్లోకి పోకూడదన్నది అందుకు ఒక కారణమని చెబుతారు.

అయితే కట్టడి సామాన్యులకే. డేగెన్‌బెర్గ్ అనే ప్రభు కుటుంబానికి గోధుమ బీరు కాచే ప్రత్యేక హక్కు ఉండేది. 1602లో ఆ వంశం వారసులు లేక అంతరించింది. హక్కు బవేరియా పాలకుడు మాక్సిమిలియన్ చేతికి వచ్చింది. ఆయన 1607 నాటికి మ్యూనిక్‌లోనూ, డాన్యూబ్ ఒడ్డున కెల్‌హైమ్‌లోనూ గోధుమ బీరు కాయించడం మొదలుపెట్టాడు. ఆ గుత్తాధిపత్యం దాదాపు రెండు వందల ఏళ్లు ఖజానా నింపింది. 1798లో గానీ సడలలేదు. ఈలోగా జనం మోజు ఇతర బీర్ల వైపు మళ్లి, గోధుమ బీరు కనుమరుగయ్యే స్థితికి వచ్చింది. 1872లో గియోర్గ్ ష్నైడర్ అనే బ్రూవర్, రాజు రెండో లుడ్విగ్ హయాంలో ఆ హక్కు సంపాదించి ఆ బీరును నిలబెట్టాడు. ఆ కుటుంబం సంస్థ ఇప్పటికీ కెల్‌హైమ్‌లో గోధుమ బీరే కాస్తోంది.

ఈనాటి జర్మన్ నియమం రెండు ముక్కల్లో చెప్పవచ్చు. సీసా మీద వైజెన్ (గోధుమ బీరు) అని రాయాలంటే వాడిన మాల్ట్‌లో, అంటే మొలకెత్తించి ఆరబెట్టిన గింజలో, కనీసం సగం గోధుమ మాల్ట్ ఉండాలి. పులియబెట్టడానికి అడుగుకు దిగే లాగర్ ఈస్ట్ కాకుండా పైకి తేలే రకం ఈస్ట్ వాడాలి. మిగతా సగం బార్లీ ఉండడానికి కారణం ఉంది. గోధుమ గింజకు నూర్పిడిలోనే పొట్టు ఊడిపోతుంది. బార్లీకి పొట్టు అంటుకునే ఉంటుంది. మాల్ట్ ఉడికిన రసాన్ని వడగట్టేటప్పుడు ఆ పొట్టే అడుగున పొరగా పరుచుకుని రసం దిగడానికి దారి ఇస్తుంది. ఉత్త గోధుమే వాడితే అంతా ముద్దగా పేరుకుని వడపోత ఆగిపోతుంది.

మరి గోధుమ ఏం ఇస్తుంది? ప్రొటీన్లు ఇస్తుంది. గ్లాసు మీద నాలుగు వేళ్ల మందాన నిలిచే తెల్లటి నురగ, మసక రంగు, నాలుక మీద మెత్తదనం వాటి చలవే. వాసన దగ్గరికి వచ్చేసరికి మాత్రం కథ ఈస్ట్ చేతికి వెళ్తుంది.

అరటికి ఒక దారి, లవంగానికి ఇంకో దారి

అరటి వాసనకు కారణం ఐసోఅమైల్ ఎసిటేట్ అనే ఎస్టర్. మగ్గిన అరటిపండులో ఉండేదీ, మిఠాయిల్లో వాడే అరటి ఎసెన్స్‌లో ఉండేదీ ఇదే. తేనెటీగ కుట్టినప్పుడు తోటి ఈగలను హెచ్చరించడానికి వదిలే వాసనలో ముఖ్యమైన పదార్థం కూడా ఇదే. ఈస్ట్ కణం పెరుగుతున్నప్పుడు ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని విరిచి ఐసోఅమైల్ ఆల్కహాల్ తయారుచేస్తుంది. దానికి ఎసిటైల్ భాగాన్ని తగిలిస్తే ఈ ఎస్టర్ పుడుతుంది. లీటరు బీరులో ఒక మిల్లీగ్రాము అటూఇటుగా ఉంటే చాలు, ముక్కు పసిగడుతుంది. చాలా రకాల ఈస్ట్‌లు దీన్ని కొద్దోగొప్పో తయారుచేస్తాయి. బవేరియా గోధుమ బీరు ఈస్ట్ ధారాళంగా తయారుచేస్తుంది.

లవంగం సంగతి వేరు. దాని వెనకున్నది 4-వినైల్ గ్వాయకాల్. లవంగ నూనెలో ఉండే యూజినాల్‌కు ఇది దగ్గరి చుట్టం, అణు నిర్మాణంలో తేడా స్వల్పం. దీని ముడిసరుకు గింజలోనే ఉంది. బార్లీ, గోధుమ గింజల కణకవచాల్లో అరబినోజైలాన్ అనే పీచు ఉంటుంది. దానికి ఫెరులిక్ ఆమ్లం అతుక్కుని ఉంటుంది. మాల్ట్ పిండిని నీళ్లలో కలిపి 43-45 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాసేపు నిలిపితే, మాల్ట్‌లోని ఎంజైమ్‌లు ఆ అతుకును విడగొడతాయి. ఫెరులిక్ ఆమ్లం రసంలోకి దిగుతుంది. విచిత్రమేమిటంటే దీన్ని ధారాళంగా ఇచ్చేది గోధుమ మాల్ట్ కన్నా బార్లీ మాల్ట్. అంటే గోధుమ బీరుకు పేరు తెచ్చిన లవంగం వాసనకు ముడిసరుకులో పెద్ద వాటా బార్లీదే!

ఫెరులిక్ ఆమ్లానికి తనంతట చెప్పుకోదగ్గ వాసన లేదు. ఈస్ట్ దానిలోంచి ఒక కార్బన్ డయాక్సైడ్ అణువును ఊడదీసినప్పుడే లవంగం గుప్పుమంటుంది. లీటరుకు 0.3 మిల్లీగ్రాముల దగ్గరే ముక్కుకు తెలిసిపోతుంది. ఈ ఊడదీసే పని అన్ని ఈస్ట్‌లకూ చేతకాదు. అసలు కీలకం అక్కడే ఉంది.

చెడిపోని జన్యువులు

బెల్జియంలోని లూవెన్ శాస్త్రవేత్తలు, వారి సహచరులు పరిశ్రమల్లో వాడే 157 ఈస్ట్ రకాల జన్యుక్రమాలను చదివి, 2016లో ‘సెల్’ పత్రికలో ఫలితాలు ప్రచురించారు. లవంగం వాసన పుట్టించడానికి పీఏడీ1, ఎఫ్‌డీసీ1 అనే రెండు జన్యువులు పనిచేయాలి. ప్రకృతిలో స్వేచ్ఛగా బతికే ఈస్ట్‌లలో అవి చక్కగా పనిచేస్తాయి. బీరు ఈస్ట్‌లలో అత్యధిక భాగానికి ఈ జన్యువులు చెడిపోయాయి. బీరులో మందుల వాసన, ఘాటు వాసన వస్తే తాగేవాడికి నచ్చదు. బాగున్న బీరు అడుగున మిగిలిన మడ్డినే బ్రూవర్ తర్వాతి కాగులో వేసుకుంటాడు. సూక్ష్మజీవులంటూ ఉన్నాయని తెలియకముందే, ఇలా తరాల తరబడి ఏరుకుంటూ పోయి మనుషులు ఆ జన్యువులను మూలనపడేశారు.

బవేరియా గోధుమ బీరు ఈస్ట్‌లలో మాత్రం అవి చెక్కుచెదరలేదు. అక్కడ జనం కోరిందే ఆ వాసన. ఇంకో విశేషం కూడా ఆ పరిశోధనలో తేలింది. ఈ ఈస్ట్‌లు బీరు వంశం, వైన్ వంశం కలిసిన సంకరాలు.

వీటిలో బాగా పేరుపడ్డది మ్యూనిక్ పక్కన ఫ్రైజింగ్ పట్టణంలో, వైహెన్‌స్టెఫాన్ కొండ మీది ఈస్ట్ బ్యాంకు నుంచి ప్రపంచానికి పాకిన డబ్ల్యూ-68. ఇలాంటి ఈస్ట్ లేకుండా గోధుమ ఎంత గుమ్మరించినా ఆ బీరు బవేరియా బీరు కాదు, మసక రంగు బీరు మాత్రమే.

బ్రూవర్ పనితనం

సరైన ఈస్ట్ తెచ్చుకున్నంత మాత్రాన పని అయిపోదు. దాన్ని ఏ వేడిలో, ఏ పాత్రలో పనిచేయిస్తున్నారన్నదీ ముఖ్యమే. బవేరియా బ్రూవర్లలో ఒక పాత లెక్క ఉంది. ఈస్ట్ కలిపేటప్పటి ఉష్ణోగ్రత, పులిసేటప్పటి ఉష్ణోగ్రత రెండూ కూడితే 30 రావాలి. 12 డిగ్రీల దగ్గర కలిపితే 18 దాకా ఎక్కనివ్వాలన్నమాట. వేడి పెరిగేకొద్దీ అరటి పెరుగుతుంది, హద్దు దాటితే ఇథైల్ ఎసిటేట్ తోడై నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన కొడుతుంది.

పాత్ర ఆకారమూ రుచిని మారుస్తుంది. ఎత్తైన స్టీలు ట్యాంకుల్లో అడుగున ద్రవ పీడనం ఎక్కువ, కరిగి ఉన్న కార్బన్ డయాక్సైడూ ఎక్కువ. ఈ రెండూ ఈస్ట్ ఎస్టర్లు చేసే జోరును అణచివేస్తాయి. లోతు తక్కువగా ఉన్న, మూత లేని తొట్లలో ఈస్ట్ స్వేచ్ఛగా పనిచేసి పైకి తెప్పలా తేలుతుంది, అరటి వాసన బాగా పండుతుంది. అందుకే బవేరియాలో కొందరు బ్రూవర్లు ఇప్పటికీ తెరిచిన తొట్లను వదల్లేదు. మన నగరాల్లో స్థలం ఖరీదు. బార్ మూలన అద్దాల వెనక మెరిసే పొడవాటి ట్యాంకుల్లోనే అన్ని రకాలూ పులియాలి. ఆ పరిమితి తెలిసిన బ్రూవర్ ట్యాంకును నిండా నింపడు, పులిసేటప్పుడు పీడనం పేరుకోనివ్వడు.

నీళ్ల విషయంలో గోధుమ బీరుకు ప్రత్యేకంగా ఒక గండం ఉంది. కుళాయి నీళ్లలోని క్లోరిన్, ఫినాల్ రకం పదార్థాలతో కలిస్తే క్లోరోఫినాల్స్ ఏర్పడతాయి. వాటి వాసన ఆస్పత్రి కట్టుగుడ్డలను గుర్తుచేస్తుంది. ముక్కు వాటిని అతి స్వల్ప మోతాదులోనే పట్టేస్తుంది. లవంగం వాసన ఇచ్చే 4-వినైల్ గ్వాయకాల్ కూడా ఫినాలే. ఈ ఈస్ట్ ఫినాల్స్‌ను చేయడంలో ఘనాపాఠి కాబట్టి ముప్పూ ఎక్కువే. క్లోరిన్ పోవడానికి నీళ్లను బొగ్గు ఫిల్టర్ గుండా పంపడం ఇక్కడ తప్పనిసరి.

చివరిది గ్యాస్. గోధుమ బీరులో కార్బన్ డయాక్సైడ్ మామూలు లాగర్ కన్నా బాగా ఎక్కువ ఉండాలి. ఆ బుడగలే వాసనను ముక్కుదాకా మోసుకొస్తాయి. చాలా చోట్ల అన్ని ట్యాపులకూ ఒకే పీడనం పెట్టేస్తారు. దాంతో గోధుమ బీరు నీరసంగా, చప్పగా దిగుతుంది.

అమెరికాలో జరిగింది

జర్మనీ గోధుమ బీరును తమ గడ్డ మీద కాచుకోవాలన్న తాపత్రయం మనకన్నా ముందు అమెరికావాళ్లకు పట్టింది. ఓరెగాన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో విడ్మర్ సోదరులు 1986లో వడపోయని గోధుమ బీరు ఒకటి విడుదల చేసి హెఫెవైజెన్ అని పేరు పెట్టారు. అది విపరీతంగా అమ్ముడుపోయింది. కానీ అందులో వాడింది బవేరియా గోధుమ బీరు ఈస్ట్ కాదు, అరటి లవంగం జోలికి పోని ఈస్ట్. గ్లాసు అంచున నిమ్మచెక్క పెట్టి ఇచ్చేవారు. దాంతో ఒక తరం అమెరికన్లకు హెఫెవైజెన్ అంటే మసక రంగు, నిమ్మచెక్క అనే అర్థం స్థిరపడింది. ఆ బీరు చెడ్డదేం కాదు. దానిదైన అమెరికన్ వీట్ అనే శైలి అలా పుట్టింది. కాకపోతే మ్యూనిక్ రుచిని వెతుక్కునేవాడికి అక్కడ దొరికేది అది కాదు.

తర్వాత కొందరు అసలు దారి పట్టారు. టెక్సస్‌లోని ఆస్టిన్‌లో లైవ్ ఓక్ సంస్థ బవేరియా పద్ధతిలోనే హెఫెవైజెన్ చేసి పేరు తెచ్చుకుంది. కాలిఫోర్నియాకు చెందిన సియెరా నెవాడా సంస్థ 2009లో కెల్లర్‌వైస్‌ను తెచ్చింది. దాన్ని బవేరియా ఈస్ట్‌తో, తెరిచిన తొట్లలో పులియబెట్టారు. డాలస్‌లోనో ఆస్టిన్‌లోనో ఉంటున్న మనవాళ్లు లేబుల్ మీద హెఫెవైజెన్ అన్న పేరు చూసి ఆగిపోకుండా, ఏ ఈస్ట్ వాడారో చూసుకుంటే ఈ రెండు దారులూ విడిగా కనిపిస్తాయి.

మన దగ్గర ఏముంది?

మన దేశంలో తికమక ఇంకోరకం. సీసాల్లో, డబ్బాల్లో వీట్ బీర్ పేరుతో బాగా పరిచయమైనవి ఎక్కువగా బెల్జియం పద్ధతివి. 2015లో మొదలైన బీరా 91 వారి వైట్, కింగ్‌ఫిషర్ అల్ట్రా విట్‌బియర్ ఆ కోవకే చెందుతాయి. బెల్జియం పద్ధతిలో మొలకెత్తించని పచ్చి గోధుమ వాడతారు. దంచిన ధనియాలు, నారింజ తొక్క కలుపుతారు. హూగార్డెన్ గ్రామంలో ఆగిపోయిన ఈ సంప్రదాయాన్ని పియెర్ సెలిస్ 1966లో తిరిగి నిలబెట్టాడు. దానిలో ఘుమఘుమ చాలావరకు మసాలా దినుసులది. జర్మనీ బీరులో మసాలా దినుసు ఒక్కటీ పడదు, లవంగం వాసన వచ్చినా లవంగం వేయరు. దేని గొప్ప దానిదే, ఒకదాన్ని ఇంకోదానిగా పొరబడితేనే నిరాశ.

జర్మనీ పద్ధతిని మనకు దగ్గర చేసినవి మైక్రోబ్రూవరీలే. 2009లో పుణేలో మొదలైన డూలాలీ వెనక ఒక జర్మన్ బ్రూవర్ ఉన్నాడు. 2010లో బెంగళూరు ఇందిరానగర్‌లో తెరుచుకున్న టాయిట్ తన గోధుమ బీరుకు టాయిట్ వైస్ అని పేరు పెట్టుకుంది. ముంబయి ప్రాంతపు గేట్‌వే బ్రూయింగ్ వైట్ జెన్ పేరుతో హెఫెవైజెన్ తెచ్చింది. తెలంగాణ ప్రభుత్వం మైక్రోబ్రూవరీలకు అనుమతులు ఇచ్చాక హైదరాబాద్‌లోనూ ఈ రకం ట్యాపుల మీదికి వచ్చింది. సీసా బీరు మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వ బేవరేజెస్ కార్పొరేషన్ గోదాముల మీదుగానే దుకాణానికి చేరాలి. చిన్న సంస్థలు చేసే ప్రత్యేకమైన రకాలు ఆ దారిన రావడం కష్టం. కాబట్టి తెలుగువారికి ఈ వెతుకులాట వైన్ షాపులో కాదు, బీరు కాచే చోటే మొదలవ్వాలి.

అలాగైతే జర్మనీ నుంచి దిగుమతైన సీసా కొనుక్కుంటే సరిపోదా? సరిపోదు, దానికి కారణం కాలం. ఐసోఅమైల్ ఎసిటేట్ సీసాలో రోజురోజుకూ విడిపోతుంది. అడుగునున్న ఈస్ట్ కణాలు చనిపోయి పగిలినప్పుడు బయటపడే ఎంజైమ్‌లు ఆ పనిని మరింత వేగిరం చేస్తాయి. లవంగం వాసన కూడా తగ్గుతుంది, 4-వినైల్ గ్వాయకాల్‌లో కొంత భాగం వెనిల్లిన్‌గా మారిపోతుంది. వేడి పెరిగేకొద్దీ ఈ మార్పులన్నీ పరుగందుకుంటాయి. ఓడలో కొన్ని వారాలు, రేవులో కొన్నాళ్లు, మే నెల ఎండలో గోదాములో ఇంకొన్నాళ్లు గడిపిన సీసాలో లేబుల్ మిగులుతుంది, అరటి మిగలదు. తాటిచెట్టు కింద పొద్దున్నే దించిన కల్లుకూ సాయంత్రం బజారులో పోసే కల్లుకూ ఉన్న తేడా ఎరిగినవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు. తాజాగా తాగాల్సిన బీరుకు దగ్గరలో కాయడమే పెద్ద బలం. ఈ ఒక్క విషయంలో మన ఊరి బ్రూవర్‌కు మ్యూనిక్ బ్రూవర్ కన్నా పైచేయి ఉంది.

గ్లాసు ముందు పరీక్ష

ఆర్డర్ చేసేముందే కొన్ని ప్రశ్నలు అడగవచ్చు. ధనియాలు, నారింజ తొక్క వేశారా? వేస్తే అది బెల్జియం రకం. ఏ ఈస్ట్ వాడారు? పని తెలిసిన బ్రూవర్ ఈ ప్రశ్నకు సంతోషంగా జవాబిస్తాడు. అన్ని ఏల్స్‌కూ (పైకి తేలే ఈస్ట్‌తో చేసే బీర్లకు) ఒకే ఈస్ట్ వాడతామంటే ఆశ వదులుకోవచ్చు. ఈ బ్యాచ్ ట్యాప్ మీదికి ఎప్పుడు వచ్చింది? కొన్ని వారాల లోపుదైతే మంచిది. ముందు చిన్న గ్లాసులో రుచి చూపించమని అడగడానికి మొహమాటపడక్కర్లేదు, చాలా చోట్ల ఇస్తారు.

గ్లాసు చేతికి వచ్చాక ముందు నురగ చూడండి. దట్టంగా, తెల్లగా నిలవాలి, అరనిమిషంలో పలచబడిపోతే గ్యాసో గ్లాసు శుభ్రతో సరిగా లేదు. నిమ్మచెక్క పెట్టి ఇస్తే తీసి పక్కన పెట్టండి, దాని నూనె నురగను విరగ్గొడుతుంది, వాసనను కప్పేస్తుంది. తాగేముందు వాసన చూడండి. అరటి, లవంగం రెండూ తెలియాలి. అరటి ఒక్కటే ముంచెత్తితే బీరు వేడిలో పులిసినట్టు. లవంగం ఒక్కటే ఉండి నోరు పొడిబారినట్టనిపిస్తే ఈస్ట్ రకం వేరు. ఆస్పత్రి వాసన వస్తే నీళ్ల తప్పు. నాలుక మీద చేదు నామమాత్రంగా, పులుపు కొద్దిగా, చివరికి రొట్టె రుచి ఉండాలి. సీసా అయితే ముప్పాతిక పోసి, మిగిలినదాన్ని గుండ్రంగా తిప్పి అడుగు ఈస్ట్‌ను కూడా గ్లాసులోకి వంచండి. మరీ చల్లగా వద్దు, 7-8 డిగ్రీలు చాలు. మంచుగడ్డ చల్లదనంలో వాసనలన్నీ మొద్దుబారిపోతాయి.

రెండు హెచ్చరికలు కూడా చెప్పుకోవాలి. ఇందులో ఆల్కహాల్ సాధారణంగా 5 శాతానికి కాస్త అటూఇటు. తియ్యటి వాసన వస్తోంది కదా అని తేలిగ్గా తీసుకోకూడదు, తాగి బండి ఎక్కకూడదు. ఆల్కహాల్‌కు సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది. గ్లూటెన్ పడనివారు గోధుమ బీరు జోలికే పోకూడదు.

ఇక తీర్పు. బవేరియా గోధుమ బీరు మన దేశంలో సాధ్యమే, కొన్నిచోట్ల దొరుకుతోంది కూడా. గోధుమ ఎక్కడిదన్నది పెద్ద ప్రశ్న కాదు. సరైన ఈస్ట్‌ను తెచ్చుకుని, దానికి తగిన వేడి, మంచి నీళ్లు, కావలసినంత గ్యాస్ ఇచ్చే బ్రూవర్ ఉన్నాడా అన్నదే ప్రశ్న. ఉంటే, సముద్రాలు దాటి వాడిపోయి వచ్చిన పేరున్న సీసా కన్నా ఆయన ట్యాప్ నుంచి దిగిన తాజా గ్లాసే మేలు. మెనూలో పేరు చూసి ఎంచుకోవడం మాని, ఏ ఈస్ట్ అని అడగడం మొదలుపెట్టండి. అడిగేవాళ్లు పెరిగితేనే కాచేవాళ్లు జాగ్రత్తపడతారు.